తెర మూలన పచ్చ నంబరు

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి, వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్నాను. ముందు గదిలోంచి మా అమ్మాయి, "అమ్మా, ఓపాలి రావా, ఎఫ్‌పీఎస్ పడిపోతోంది" అని కేకేసింది. డిగ్రీ చదివే పిల్ల. పరీక్షలైపోయాయని స్నేహితురాళ్ళతో కలిసి ఏదో యుద్ధం ఆట ఆడుతోంది. తల్లి ఏళ్ళ తరబడి కంప్యూటర్ల షాపులో పనిచేసింది కదా అని మా ఇంట్లో మిక్సీ ఆగినా, ఫ్యాను కిర్రుమన్నా, వీధి చివర కేబుల్ తీగ తెగినా నన్నే పిలుస్తారు. చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళేసరికి లాప్‌టాప్ తెర మీద ఒక ఊరు తగలబడుతోంది. పొగలో మా అమ్మాయి సిపాయి ఒక కాలు గాల్లో పెట్టి పరుగు మధ్యలో నిలబడిపోయి ఉన్నాడు. మళ్ళీ కదిలేసరికి చచ్చి పడి ఉన్నాడు. "పోయేను" అని మా అమ్మాయి పకపకా నవ్వింది. అప్పుడు చూసుకున్నాను, నా చెయ్యి దానంతటదే బల్ల మీదున్న గాజుగ్లాసుని తీసి అలమారలోకి పెట్టేసింది. "ఏటమ్మా, నీళ్ళు తాగుతన్నాను కదా, గ్లాసెందుకు దాచేసేవు?" అంది పిల్ల. చూస్తే ఛార్జరు పీకేసి ఉంది. బ్యాటరీ మీద నడిపితే ఆ యంత్రం సగం బలమే వాడుతుంది. ప్లగ్గు పెట్టి, గ్లాసు తిరిగి ఇచ్చి, వంటింట్లోకి వచ్చేశాను. ఆట ఆగిపోతే నవ్వేవాళ్ళు కూడా ఉంటారని నేను మరిచేపోయాను.

మాది పూడిమడక. మేము అక్కని అప్ప అంటాం. మా అప్ప నాకంటే బాగా పెద్దది. అమ్మ చేపలగంప ఎత్తుకుని అనకాపల్లి వచ్చే రోజుల్లో వెనకాలే చిన్న గంపతో వచ్చేది. అమ్మ పోయాక బజార్లో ఆ చోటు తనదైంది. నన్ను చదివించింది ఆ గంపే. అప్ప గొంతు సంగతి చెప్పాలి. బజారుకి ఆ చివర ఎవరో చేతిలోకి తీసుకున్న వంజరాన్ని చూసి ఈ చివర నుంచి "అది నిన్నటిదమ్మా, కళ్ళు సూడు" అనగలదు. పోలీసులైనా, ప్లీడర్లైనా ఆమెతో బేరమాడాలంటే ముందు గొంతు సవరించుకునేవాళ్ళు. పెద్ద చేపని కత్తిపీట మీద పెట్టి ఒక్క ఊపులో తల వేరు చేసి, మోచేత్తో చెమట తుడుచుకుంటూ పక్క మనిషితో హాస్యమాడేది. అంత గొంతూ అంత చెయ్యీ ఉన్న మనిషి ఇంటి గడప దగ్గరకొచ్చేసరికి చెప్పులు కూడా చప్పుడు కాకుండా విప్పుకునేదంటే బజార్లో ఎవరూ నమ్మరు. కొన్నాళ్ళు నేనూ నమ్మలేదు.

మా బావ క్రేను డ్రైవరు. సముద్రం ఒడ్డున పెద్ద యార్డులో ఇనుప దూలాలు ఎత్తి దించే పని. మనిషి పొడగరి, నవ్వితే బాగుంటాడు. పెళ్ళైన కొత్తలో నేను స్కూలు పిల్లని. నాకు కుర్చీ వేసి, నా ముందు తను కింద కూచుని, "మా మరదలు ఇంజనీరవుతాది సూడండి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఒక ఏడు కొత్త అమావాస్య జాతరలో జనం తోపులాటలో ఎవడో మా అప్ప నడుము మీద చెయ్యి వేశాడు. బావ వాణ్ణి రంగులరాట్నం ఇనుప గొట్టానికేసి ముఖం పట్టుకుని కొట్టాడు. ఒకసారి కాదు. వాడి దవడ పక్కకి జారిపోయి, నోట్లోంచి నెత్తురూ పళ్ళూ కలిసి కారుతుంటే మావాళ్ళు బావ భుజం తట్టారు. ఆ సంవత్సరమంతా మా ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పుకుని నవ్వుకున్నాం. మా నాన్నైతే ఆ దవడ జారిన మనిషి ఎలా నడిచాడో నటించి చూపించేవాడు. బావ చెయ్యి అంత బరువైనదని మాకందరికీ తెలుసు. అది బయట పడుతున్నంతకాలం మాకు ముచ్చటగానే ఉండేది. ఇంట్లో ఎప్పుడైనా ఒకటి పడినా అప్ప చెప్పేది కాదు, మావాళ్ళు అడిగేవాళ్ళు కాదు.

తరవాత యార్డులో ప్రమాదం జరిగింది. ఒకరోజు బావ క్రేను దిగి కింద నిలబడి ఉండగా పక్క క్రేను ఇనుప తాడు తెగింది. దూలం వచ్చి బావ ఎడమ మోకాలి మీద పడింది. పక్కనున్న మనిషి అక్కడికక్కడే పోయాడు. బావ కాలికి లోపల రాడ్లు వేశారు. మనిషి చంకకర్రతో ఇంటికొచ్చాడు. ఆ ఇల్లు బెల్లం మార్కెట్టు వెనక వీధిలో రెండు గదులూ వంటిల్లూ. వాళ్ళ కూతురు, మేమంతా పాప అనే పిల్ల, అప్పటికి విశాఖపట్నం హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. అప్ప చీకటి ఉండగానే చేపల కోసం వెళ్ళిపోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. రోజంతా బావ ఒక్కడే. యార్డు వాళ్ళిచ్చిన డబ్బుల్లో కొంత పెట్టి, ఆసుపత్రిలో పక్క మంచం అతను చూపించిన ఆట ఒకటి ఆడాలని, పెద్ద కంప్యూటరు కావాలన్నాడు. మెయిన్ రోడ్డు మీది కంప్యూటర్ల షాపులో అప్పటికి నేనే పాత మనిషిని. నా చేతులతోనే ఆ సిస్టమ్ బిగించాను. గాజు పలక ఉన్న క్యాబినెట్, మంచి గ్రాఫిక్స్ కార్డు, చెవులకి హెడ్‌ఫోను. మొదటిసారి ఆట తెరిచినప్పుడు బావ కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా అయిపోయాయి. కాలు కదపలేని మనిషి అందులో కొండలెక్కాడు, గోడలు దూకాడు. ఆ చలికాలమంతా బాగానే గడిచింది. నేను అప్పుడప్పుడూ వెళితే, అప్ప పొయ్యి దగ్గర కూచుని, "ఆడుకోనీ. నవ్వుతన్నాడు కదా" అనేది.

ఎండలు మొదలయ్యాక ఆ ఆటకి కొత్త అప్‌డేట్ ఒకటొచ్చింది. ఊళ్ళు పెద్దవయ్యాయి, పొగ చిక్కబడింది, గడ్డి పరకలకి కూడా నీడలొచ్చాయి. అక్కడి నుంచి కంప్యూటరు తడబడడం మొదలైంది. మా అమ్మాయి ఎఫ్‌పీఎస్ అన్న ఈ ఫ్రేముల సంగతి తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. తెర మీద బొమ్మ ఒక సెకనులో అరవై సార్లు మారితే కదలిక నీళ్ళు పారినట్టు ఉంటుంది. అది ఇరవైకి పడిపోతే పాత సినిమా రీలు చిక్కుపడినట్టు ఆగి ఆగి నడుస్తుంది. ఆ ఆగిన లిప్తలో అవతలివాడు మనల్ని కాల్చేస్తాడు. ఎప్పుడు కాల్చాడో కూడా మనకి కనబడదు. బావకి ఎక్కువగా అలాగే అయ్యేది, అదీ గెలవబోతున్న సమయానికి. మొదట్లో కీబోర్డు మీద గుద్దేవాడు. తరవాత గోడ మీద. తరవాత అన్నం కంచం ఎగిరి గోడకి తగిలేది. ఆ తరవాత ఏం జరిగేదో నాకు ఎవరూ చెప్పలేదు. ఒకనాడు షాపులో ఉండగా అప్ప ఫోను చేసింది. "సెల్లీ, ఆ మిసనీ మళ్ళీ ఆగిపోతందే. ఓపాలొచ్చి సూడవా" అంది. బజారుకి ఆ చివర వినబడే గొంతు ఫోనులో నాకే సరిగ్గా వినబడలేదు.

వెళ్ళేసరికి అప్ప ఎడమ కన్ను ఊదిపోయి ఉంది. కంటి కింద చర్మం వంకాయ రంగులో ఉంది. "పడిపోయేను. మెట్టు సూసుకోనేదు" అంది. ఆ ఇంట్లో మెట్లు లేవు. నేను ఆమె ముఖంలోకి చూస్తే ఆమె కంప్యూటరు వైపు చూసింది. అది బాగుచెయ్యి ముందు, అన్నట్టు. బావ కుర్చీలో కాలు చాపుకుని, "రాయే మరదలా, నువ్వు కట్టిన ఇల్లు కారిపోతంది" అన్నాడు. మామూలుగానే నవ్వాడు. నేను కూచుని సెట్టింగ్స్ తెరిచాను. తెర మూలన ఫ్రేముల లెక్క కనిపించేలా పెట్టాను, పచ్చ రంగులో ఒక నంబరు. నీడలు తగ్గించాను. దూరం బొమ్మల నాణ్యత తగ్గించాను. గడ్డి తీసేశాను. "గడ్డి తీసీత్తే నానెక్కడ దాక్కోవాల?" అన్నాడు బావ. "అవతలివాడికి గడ్డి ఉంటాది, నాకుండదు. ఇదెక్కడి నాయం?" నిజమే, అది న్యాయం కాదు. కొంచెం గడ్డి తిరిగి పెట్టాను. తరవాత, "డ్రైవరు పాతబడిపోయింది బావా, కొత్తది వెయ్యాలి" అన్నాను. గ్రాఫిక్స్ కార్డుని నడిపే సాఫ్ట్‌వేరుని డ్రైవరంటారు. బావ ముఖం గట్టిపడిపోయింది. వంటింట్లో అప్ప గరిట ఆగిపోయింది. అప్పటికి నాకు అర్థమైంది, ఆ ఇంట్లో డ్రైవరు పాతబడిందనకూడదని. "ఆ డ్రైవరు వేరు బావా, కంప్యూటర్లో ఉంటుంది" అన్నాను గబగబా. బావ ఒక్క క్షణం చూసి గట్టిగా నవ్వేశాడు. వంటింట్లో గరిట మళ్ళీ కదిలింది.

ఆ రోజు నంబరు యాభై దాటింది. వారం తిరక్కుండా మళ్ళీ ఫోను. ఈసారి అప్ప పైపెదవి చీలి ఉంది. నేను బావ వినేలాగే, "ఇదెలా అయింది?" అని అడిగాను. బావ తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "మీ అప్పనడుగు" అన్నాడు. "గంప దించుతుంటే తగిలింది" అంది అప్ప. నేను క్యాబినెట్ విప్పాను. ఆ వీధిలో గాలి నిండా బెల్లం బట్టీల మసే. మార్కెట్టుకొచ్చే లారీల దుమ్ము సరేసరి. ఫ్యాను రెక్కల మీద జిగురుగా నల్లటి పొర పట్టి ఉంది, మీగడలా తీయవచ్చు. లోపల వేడి దిగే దారి లేక ప్రాసెసరు తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. అంతా బ్రష్షుతో దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు గీకి, కొత్తది రాశాను. బావ నాకు టార్చి పట్టుకున్నాడు. టార్చి పట్టుకున్నంతసేపూ నెమ్మదిగా మాట్లాడాడు. "తాడు తెగడం సూసేను మరదలా. కాలు తియ్యాలనుకున్నాను. అనుకున్నాను గానీ కాలు రానేదు" అన్నాడు. ఆ పూట నాకు ఆ మనిషి మీద జాలి వేసింది. వెనక్కి తిరిగితే, చీలిన పెదవితో అప్ప మాకిద్దరికీ మజ్జిగ తెచ్చి నిలబడి ఉంది. ఆ జాలిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పటికే ఇంకొక సంగతి గమనించాను. అప్పకి చదువు రాదు, అంకెలు వచ్చు. వంటింటి గుమ్మంలోంచి చూస్తే తెర మూల కనబడుతుంది. ఆమె పొయ్యి మీద కూర కలుపుతూ, బియ్యం ఏరుతూ, ప్రతి రెండు నిమిషాలకీ ఒకసారి తల తిప్పి ఆ నంబరు చూసేది. అరవై దగ్గర ఉంటే కంచం పెట్టుకుని వెళ్ళేది. నలభైకి దిగితే ఆగేది. ముప్ఫైలోకి వస్తే కత్తిపీటనీ గాజుసామానునీ అలమార వెనక్కి జరిపి, చెవుల కమ్మలు తీసి కొంగుకి కట్టుకునేది. కమ్మలెందుకు తీస్తున్నావని అడగబోయి, ఆమె కుడి చెవి తమ్మె కిందికి చీలి మానిన గాటు చూశాను. గుమ్మం దగ్గర ఆమెని పట్టుకుని, "నాతో వచ్చేయ్ అప్పా" అన్నాను. "ఆ నంబరు నిలబడితే బాగుంటాడే. సలికాలమంతా బాగున్నాడు కదా. నువ్వే సూసేవు" అంది. నిజంగా నమ్మే అంది. ఆసుపత్రి వాళ్ళు జ్వరం చీటీ చూసినట్టు చూసేది ఆ నంబరుని.

మూడోసారి వెళ్ళినప్పుడు అసలు జబ్బు దొరికింది. శుభ్రం చేసిన తరవాత కూడా నంబరు హఠాత్తుగా సగానికి సగం పడిపోతోంది. నేను ర్యామ్ తీసి పెట్టాను, కేబుళ్ళు మార్చాను, ఆటని మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించాను, ఎక్కేవరకూ కూచున్నాను. ఏదీ పని చెయ్యలేదు. చివరికి క్యాబినెట్‌ని ఇటు తిప్పితే, గాజు లేని వైపు రేకు లోపలికి నొక్కుకుపోయి కనిపించింది. గుండ్రంగా, మడమంత నొక్కు. దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. ఓడిపోయినప్పుడల్లా బావ మంచి కాలితో దాన్ని తన్నేవాడు. ఆ తన్నులకి లోపల గ్రాఫిక్స్ కార్డు తన గాడిలోంచి ఒక పక్కకి లేచిపోయి, సగం పళ్ళతోనే పట్టుకుని వేలాడుతోంది. తన్నినకొద్దీ తగ్గుతుంది, తగ్గినకొద్దీ తంతాడు. కార్డుని గాడిలో కూర్చోబెట్టి, మరలు బిగించి, కిందికి వాలకుండా చిన్న ఆధారం పెట్టాను. ఆట పెట్టగానే నంబరు అరవైకి ఎక్కి కూచుంది. పొగలో, మంటలో, బాంబుల్లో ఎక్కడా కదల్లేదు. నాకెక్కడి ధైర్యం వచ్చిందో, "బావా, నువ్వు తన్నబట్టే ఇలా అయింది. తన్నకపోతే బాగానే ఆడుతుంది" అన్నాను. బావ ఆ నొక్కుల్ని వేలితో తడిమి చూసుకున్నాడు. "సరే. ఇంక దాన్ని తన్నను" అన్నాడు.

మన భాషలో యంత్రాన్నీ దాన్ని అనే అంటాం, ఆడమనిషినీ దాన్ని అనే అంటాం. గుమ్మంలో నిలబడ్డ అప్ప ఆ మాట విని తల దించుకుంది. మానీ మానని పెదవి లాగి నొప్పి పుట్టినా నవ్వింది. ఆ పూట నెత్తళ్ళ పులుసు వండింది. ముగ్గురం కూచుని తిన్నాం. బావ పులుసు బాగుందన్నాడు.

మాట తప్పలేదు బావ. ఆ యంత్రాన్ని మళ్ళీ తన్నలేదు.

పది పన్నెండు రోజుల తరవాత, క్యాబినెట్‌కి ఇంకొక ఫ్యాను పెడదామని షాపులోంచి ఒకటి తీసుకుని మధ్యాహ్నం వెళ్ళాను. ఎండ మండిపోతోంది, తలుపు తీసే ఉంది. బావ ఆటలో గెలుస్తున్నాడు. హెడ్‌ఫోనులో ఎవరితోనో అరుస్తున్నాడు, సంతోషంగా. నంబరు అరవై. అప్ప కంచం పట్టుకుని ఆ నంబరు చూసే వచ్చింది. చూసుకునే, ధైర్యంగా, "పాప ఫోను సేసింది. సెలవులకి వత్తానంటంది" అంది. బావ ఆట గెలిచాడు. తెర మీద బంగారు రంగు అక్షరాలు పడ్డాయి. గెలిచిన మనిషి కుర్చీలోంచి సగం లేచి, అప్ప ముడి పట్టుకుని, "ఆడుతన్నప్పుడు మాటాడొద్దన్నానా, మాటాడొద్దన్నానా" అంటూ తలని బల్ల అంచుకేసి కొట్టాడు. మాటకొక దెబ్బ. అన్నం నేల మీద చెదిరింది. నేను వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంటే మోచేత్తో వెనక్కి కొట్టాడు. నా నోరు నెత్తురుతో నిండింది, వెళ్ళి యూపీఎస్ మీద పడ్డాను. లేవబోతే కళ్ళు తిరిగాయి.

అప్ప నేల మీద కూచుని ఉంది. నుదుటి మీద చర్మం తెరుచుకుని నెత్తురు కనుబొమ్మ దాటి, ముక్కు పక్క నుంచి గడ్డం మీదకి కారుతోంది. ఆమె అది తుడుచుకోలేదు. తల ఎత్తి తెర వైపు చూసింది. చాలాసేపు చూసిందనిపించింది నాకు. అప్పుడు బజార్లో మాట్లాడే గొంతుతో, "సెల్లీ, ఇటు సూడు. నంబరు తగ్గనేదు" అంది.

లేచింది. కుర్చీకి ఆనించి ఉన్న చంకకర్ర తీసుకుంది. మొదటి దెబ్బ బావ భుజం మీద పడింది. అతను నమ్మలేనట్టు చూశాడు. రెండోదానికి అడ్డుగా కుడి చెయ్యి పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నేనెప్పుడూ వినలేదు అంతకుముందు. ఎండు కొబ్బరాకు మట్ట విరిచినట్టుంటుంది. "ఒలే, సంపేత్తావేటే" అని అరిచాడు. అప్ప ఒక్క మాట కూడా అనలేదు. కుర్చీ పక్కకి ఒరిగి అతను నేల మీద పడ్డాడు. వీపు మీద, తొడ మీద, మళ్ళీ ఆ చేతి మీద, గంపలెత్తిన భుజాల బలమంతా పెట్టి కొట్టింది. ఊపిరి తీసి కొట్టింది, ఊపిరి వదిలి కొట్టింది. ఆ అల్యూమినియం కర్ర నడిమికి వంగిపోయింది. దాన్ని పారేసి చుట్టూ చూసింది. ఆమె కళ్ళు వంటింటి వైపు వెళ్ళాయి. అక్కడ అలమార వెనక ఏముందో నాకు తెలుసు. ఆమె చెయ్యి అందుకుంటే ఒక్క ఊపు చాలునని కూడా తెలుసు. నేను పాకుతూ వెళ్ళి రెండు కాళ్ళూ కావిలించుకున్నాను. నోట్లో నెత్తురుతో మాట రాలేదు. "పాప" అన్నాను. "అప్పా, పాప." వంటింటి వైపు ఒక అడుగు వేసింది, నన్ను కూడా ఈడ్చుకుంటూ. తరవాత ఆగింది. వంగి నన్ను లేపి, నా మూతి తన కొంగుతో తుడిచి, "ఆటోని పిలు" అంది.

అరుపులకి వీధివాళ్ళు గుమ్మం దగ్గర చేరారు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లోంచి అరుపులు వచ్చినా రానివాళ్ళు ఆ రోజు మాత్రం వచ్చారు, మగ గొంతు అరుస్తోందని. ఇద్దరు కలిసి బావని మోసి ఆటోలో కూర్చోబెట్టారు. ఒక పక్క అప్ప, ఒక పక్క నేను, మధ్యలో వేలాడే చెయ్యి పట్టుకుని మూలుగుతూ బావ. ఆటో అతను అద్దంలో మా ముగ్గురినీ చూసి, "పేషెంటెవరమ్మా?" అని అడిగాడు. ఆ నోటితో నాకు నవ్వొచ్చింది, నవ్వితే ఊగుతున్న పన్ను నొప్పి పెట్టింది. గతుకు వచ్చినప్పుడల్లా బావ అరిచేవాడు. అలా అరిచిన ప్రతిసారీ అప్ప చెయ్యి చాపి, విరిగిన చెయ్యి కదలకుండా కింద పట్టుకుంది. అది నేను ఎవరికి చెప్పినా నమ్మరు. కొట్టినదీ ఆ చెయ్యే.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. "ఎలా జరిగింది?" అని బావని అడిగింది. బావ పైకప్పు వైపు చూస్తూ, "కాలు జారి పడిపోయేను" అన్నాడు. అంత నొప్పిలోనూ అతనికి ఆ మాట వెంటనే దొరికింది. ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు. అప్ప నుదుటికి దూది అదుముకుని పక్క బల్ల మీద కూచుని ఉంది. "పడిపోనేదమ్మా. నేనే కొట్టేను" అంది, వార్డంతా వినబడేలా. "నేనెందుకు కొట్టేనో అదీ రాయి. ఇది ఇవాల్టిది. ఈ సెవి పోయినేడుది. ఇది కన్ను. ఇక్కడ పక్కటెముక ఉన్నాది, సెయ్యి పెట్టి సూడు, ఎత్తుగా తగుల్తాది." డాక్టరు కలం పక్కన పెట్టి, వెళ్ళి చెయ్యి పెట్టి చూసింది. ఆ అమ్మాయి ముఖం మారిపోయింది. తరవాత పోలీసాయన వచ్చాడు. మంచి మనిషే, మా అప్ప దగ్గర చేపలు కొనేవాడే. "ఆలోసించుకో అప్పా, రేపు ఇద్దరి మీదా కేసవుతాది" అన్నాడు. "అవనీ బాబూ. ఇద్దరిదీ రాయి. ఒకరిదే ఎందుకు?" అంది.

ఇద్దరి మీదా కేసు అయింది. ప్లీడర్లూ పెద్దమనుషులూ చాలాకాలం తిప్పి చివరికి విడివిడిగా ఉండేలా తేల్చారు. బావని వాళ్ళన్నయ్య వచ్చి ఉప్మాక పక్కన వాళ్ళ ఊరికి తీసుకెళ్ళిపోయాడు. హాస్టలు నుంచి వచ్చిన కూతురు తల్లి నుదుటి కుట్లు తనే విప్పింది. చదువుకున్న పని మొదటిసారి చేసింది తల్లి మీదే. విప్పుతున్నంతసేపూ ఏడ్చింది, చెయ్యి మాత్రం వణకలేదు. "నాన్నని సూడ్డానికి నేనెల్తానమ్మా, నువ్వు ఏటీ అనుకోకు" అంది. "ఎల్లు. ఎల్లినప్పుడు తినీసి ఎల్లు, ఆల వదినకి వంట రాదు" అంది మా అప్ప. కంప్యూటరుని వీధిలో ఎవరో కొనుక్కున్నారు. నొక్కులు చూసి బేరమాడారు.

తరవాత ఒక వానాకాలం ఉదయం నేను అప్ప పక్కన, బజార్లో, పీట వేసుకుని కూచుని ఉన్నాను. గొడుగుల మధ్య నుంచి బావ వచ్చాడు. జుట్టు తెల్లబడింది. కుడి చెయ్యి మోచేతి కింద కొంచెం వంకరగా అతుక్కుంది. చంకకర్ర ఎడమ చంక కిందికి మారింది. నేను లేచి నిలబడ్డాను, అప్ప లేవలేదు. బావ చేపల వైపే చూస్తూ, "కానాగంతలు తాజాయేనా?" అన్నాడు. "పొద్దున్నే ఒడ్డుకొచ్చినవి" అంది అప్ప. తూచింది, అందరికీ తూచినట్టే. కత్తిపీట మీద తలలు తీసి, పేగులు తీసి, నీళ్ళతో కడిగింది. బావ ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు. "నానిప్పుడు ఆట ఆడ్డం లేదు" అన్నాడు ఉన్నట్టుండి. ఇంకేదో కూడా అనబోయాడు, పెదవులు కదిలాయి. "సంచీ తెచ్చేవా?" అంది అప్ప. తెచ్చాడు. చేపలు అందులో వేసి, "కొంచెం పక్కకి జరుగు, ఎనకాల మనుసులున్నారు" అంది. అతను జరిగాడు. వెనకాల ఒకావిడ పండుగప్ప ఎంతని అడిగింది. అప్ప ఆమెతో బేరంలో పడిపోయింది. ఆ బేరం బజారు చివరి దాకా వినబడింది.

ఇప్పుడు ఎప్పుడైనా నేను ఆ వేసవి సంగతి ఎత్తితే, "అది ఏ ఏడే?" అని అప్ప నన్నే అడుగుతుంది. వేళ్ళు మడిచి, పాప పెళ్ళికి ముందో తరవాతో లెక్క కట్టబోయి, తేలక వదిలేసి, ఇంకేదో మాటలోకి వెళ్ళిపోతుంది. నాకైతే ఆ గదిలో ఎండ ఎక్కడి దాకా పడిందో కూడా గుర్తే. పడ్డ మనిషికి కాలం గడిచిపోతుంది. చూసిన మనిషి దగ్గరే అది ఎటూ పోకుండా కూచుంటుంది కాబోలు.